తెర మీద కనిపించనిదే అసలు వార్త!

హాల్లో లైట్లు ఆరిపోయాయి. హీరో ఎప్పుడొస్తాడా అని ఒకటే ఈలలు... తీరా వచ్చింది హీరో కాదు, న్యూస్ రీలు! పాతతరం ప్రేక్షకుల్ని అడిగి చూడండి, నవ్వుతూ చెబుతారు. ఫిల్మ్స్ డివిజన్ వారి రీలు వెయ్యందే అసలు బొమ్మ మొదలెట్టడానికి ఆ రోజుల్లో థియేటర్లకి వీల్లేదు మరి!

1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 దాకా, అంటే ఎమర్జెన్సీ నడిచిన 21 నెలలూ, సర్కారు ప్రచారం జోరు చెప్పనక్కర్లేదు. ఇరవై సూత్రాల పథకం, క్రమశిక్షణ, టైముకి నడిచే రైళ్ళు!

ఈ చివరి మాట మన బిట్రగుంటలో ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి. బొగ్గు ఇంజన్ల షెడ్డుతో పేరుపడ్డ రైల్వే ఊరది. రైలు టైముకొచ్చిందంటే నిప్పు ముందు నిలబడి బొగ్గు వేసిన మనిషి చెమట వల్లేనని అక్కడి చిన్నపిల్లలకీ తెలుసు. ఆ కార్మికులే 1974 మే నెలలో దేశమంతటా సమ్మె చేస్తే వేలాదిమందిని జైళ్ళలో పెట్టారు. ప్రచారంలో రైలుంది, కార్మికుడి గోడు లేదు!

ప్రచారమంటే పచ్చి అబద్ధమే కానక్కర్లేదు. సగం నిజం చూపించి, మిగతా సగానికి కత్తెర వేస్తే చాలు.

ఆ కత్తెరకి బలైన కథల్లో ఒకటి మన నెల్లూరిదే. 'ఫిడేలు రాగాల డజన్' కవి పఠాభి, అంటే తిక్కవరపు పట్టాభిరామరెడ్డి, కన్నడంలో 'సంస్కార' (1970) తీశారు. అందులో నటించిన ఆయన భార్య స్నేహలతారెడ్డిని 1976 మేలో అరెస్టు చేసి బెంగుళూరు జైల్లో పెట్టారు. ఆమె ఉబ్బసం రోగి. 1977 జనవరిలో పెరోల్ మీద విడిచిపెట్టిన కొద్దిరోజులకే కన్నుమూశారు. క్రమశిక్షణ గురించి ఊదరగొట్టిన ప్రచారంలో ఆమెకి చోటెక్కడిది?

సర్కారు కార్యక్రమానికి పాడనన్నందుకు కిశోర్ కుమార్ పాట ఆకాశవాణిలో మూగబోయింది. 1977 ఫిబ్రవరిలో ఢిల్లీలో ప్రతిపక్షాల సభ జరిగిన సాయంత్రమే దూరదర్శన్‌లో 'బాబీ' వేశారు. జనాన్ని ఇళ్ళలో కట్టిపడెయ్యడానికేనని అందరూ చెప్పుకున్నారు. అయినా మైదానం నిండిపోయింది!

మన చీకటి 21 నెలల్లో తొలగింది. తొలగని చోట్లూ ఉన్నాయి. ఉత్తర కొరియా ఏలిక కొడుకు కిమ్ జోంగ్ ఇల్‌కి సినిమాల పిచ్చి. 1978లో దక్షిణ కొరియా తార చోయ్ ఉన్ హీని, తర్వాత దర్శకుడు షిన్ సాంగ్ ఓక్‌ని ఎత్తుకుపోయి సినిమాలు తీయించుకున్నాడు! 1986లో వియన్నాలో ఆ ఇద్దరూ తప్పించుకున్నారు కాబట్టి లోకానికి తెలిసింది.

మరి మన దగ్గర ప్రచారం పారిందా? 1977 ఎన్నికల్లో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. అక్కడ బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జనం కళ్ళారా చూశారు. ఆంధ్రలో మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌వే! కారణాలు ఎన్నైనా ఉండొచ్చు. కానీ ఒకటి నిజం: కళ్ళారా చూసినవాడు తెరని నమ్మడు, చూడనివాడికి తెరే దిక్కు.

ఇప్పుడు రీలు హాల్లో లేదు, మీ జేబులో ఉంది. ఈలవేసే ముందు ఒక్క క్షణం ఆగి, ఇందులో ఎవర్ని చూపించలేదో అడగండి!