జవాబు ఇయ్యకున్నా ఏం గాదు

మా దోస్తు ఒకడు ఇరవై రోజులు దవాఖానల ఉండి ఇంటికి వచ్చిండు. కాలు ఇరిగి గాదు, మనసు ఇరిగి. కాలు ఇరిగినోని ఇంటికి ఊరు ఊరంత పోతది. పండ్లు పట్కపోయి ‘ఎట్లున్నవ్ బిడ్డా’ అని అడుగుతది. వీని ఇంటికి ఎవ్వరు పోలే. పోయి ఏం మాట్లాడాల్నో ఎవ్వరికీ తెల్వలే. నాక్కూడ తెల్వలే. నాలుగు సార్లు మెసేజ్ టైపు చేసిన, నాలుగు సార్లు చెరిపేసిన. తర్వాతెప్పుడో వాడే చెప్పిండు, ఆ నెలంత వాని ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లు రెండే రకాలంట. రీచార్జ్ అయిపోయిందని ఒకటి, లోన్ కిస్తీ కట్టుమని ఇంకోటి.

ఆ మాట ఇంక నా చెవుల్లనే ఉన్నది. అందుకే ఈ ముచ్చట రాస్తున్న.

మనసు బాగలేక దవాఖానల చేరినోళ్లను ఎక్కువ పైలంగ చూసుకోవాల్సిన టైము ఏదో తెలుసా తమ్మీ? లోపల ఉన్నప్పుడు గాదు. ఇంటికి వచ్చినంక మొదటి వారాలు, మొదటి నెలలు. లోపల నర్సు ఉంటది, డాక్టరు ఉంటడు, టైముకు గోలి ఇస్తరు. గేటు దాటి బస్సు ఎక్కినంక అడిగేటోడు ఉండడు. అప్పుల రంది, ఇంట్ల లొల్లి, ఊర్ల మాటలు ఎక్కడ ఇడిసిపెట్టి పోయిండో అక్కడ్నే కూసోని ఉంటయి. ప్రాణం తీసుకునే ప్రమాదం ఈ టైముల్నే ఎక్కువ అని ఎన్నో దేశాల పరిశోధనలు చెప్తున్నయి.

దవాఖానకు, ఇంటికి నడుమ ఉన్న ఈ సందు ఎట్ల పూడ్చాలె? అమెరికాల, శాన్ ఫ్రాన్సిస్కోల జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు 1969ల ఒక పని మొదలుపెట్టిండు. ఇంటికి పోయినంక వైద్యం కొనసాగించని 843 మందిని రెండు భాగాలు చేసిండు. ఒక భాగానికి చిన్న ఉత్తరాలు పంపిచ్చిండు. మొదట నెలకొకటి, తర్వాత రెండు నెలలకొకటి, ఆఖరికి మూడు నెలలకొకటి. ఐదేండ్లల్ల మొత్తం 24. ఇంకో భాగానికి ఏం రాయలే.

ఉత్తరంల పెద్ద ముచ్చటేం లేదు. మీరు ఇక్కడికెళ్లి పోయి కొన్ని రోజులైంది, మంచిగున్నరని అనుకుంటున్నం, రాయాలనిపిస్తే రాయుండ్రి. అంతే. గోలీలు మింగుతున్నరా అని అడగలే, మళ్ల ఎప్పుడొస్తరు అని అడగలే. ఉత్తరాలు అందినోళ్లల్ల ప్రాణం తీసుకున్నోళ్లు మొదటి రెండేండ్లు తక్కువ ఉన్నరు. తర్వాత ఆ తేడా తగ్గుకుంట పోయింది.

ఇండ్ల కిటుకు ఏందంటే, ఆ ఉత్తరం ఎదుటోన్ని ఏం అడగది. మనసు కుంగినోనికి ఫోన్ ఎత్తుడే బండరాయి లేపినట్టు ఉంటది. ‘ఎందుకు మాట్లాడ్తలేవ్, ఏమైంది చెప్పు’ అని మనం అడిగే ఒక్కో ప్రశ్న వానికి ఒక్కో బాకీ. జవాబు అడగని మాట బాకీ గాదు. ‘నువ్వు మాకు యాదికున్నవ్’ అని చెప్పి ఊకుంటది.

ఉత్తరాల కాలం పోయింది, ఫోన్ల కాలం వచ్చింది. ఐర్లండ్‌ల డబ్లిన్ డాక్టర్లు మనసు కుంగుడుతోని, తాగుడుతోని బాధపడి దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన 54 మందితోని ఒక పరీక్ష చేసిండ్రు. సగం మందికి మూడు నెలలు రోజుకు రెండు మెసేజ్‌లు పోయినయి. వాళ్లల్ల కుంగుబాటు మిగిలినోళ్ల కంటే బాగ తగ్గింది. 2012ల ఆ ఫలితాలు అచ్చయినయి. ఆ పనిల ఉన్న డాక్టర్ విన్సెంట్ అగ్యాపాంగ్ తర్వాత కెనడాకు పోయి, 2016ల అల్బెర్టా రాష్ట్రంల అట్లాంటి మెసేజ్‌ల సేవ మొదలుపెట్టిండు. కరోనా వచ్చిన 2020ల అక్కడి జనమంతటికి మూడు నెలలు రోజుకొక మెసేజ్ అందేటట్టు ఇంకోటి తెచ్చిండ్రు.

అట్లని మెసేజ్ మంత్రం గాదు. అమెరికా సైన్యంల 658 మందితోని చేసిన పరీక్షల ముఖ్యమైన కొలతలల్ల పెద్ద తేడా కనిపియ్యలే, కొన్నిట్ల మేలు కనిపిచ్చింది. గోలి గోలియే, డాక్టరు డాక్టరే. మెసేజ్ వాటి పక్కపొంటి నడిచే తోడు.

మరి మనం ఏం రాయాలె? ‘అన్నా, ఇయ్యాల చెరువు కట్ట మీదికెళ్లి పోతుంటే నువ్వు యాదికొచ్చినవ్. జవాబు ఇయ్యకున్నా ఏం గాదు.’ గిట్ల రాస్తే చాలు. ‘ధైర్యంగ ఉండు’, ‘నీకేం తక్కువ’, ‘అందరికి ఉంటయి కష్టాలు’, ఇవి రాయకుండ్రి. వందమందికి పంపే గుడ్ మార్నింగ్ పూలబొమ్మ వద్దు. ఊరి గ్రూపుల అస్సలు పెట్టొద్దు. చానా ఇండ్లల్ల ఫోను ఒక్కటే ఉంటది, పిల్లలు చదువుతరు, అత్తమ్మ చూస్తది. జబ్బు పేరు, గోలీల ముచ్చట రాయొద్దు. పంపియ్యొచ్చా అని ముందుగాల ఒక మాట అడుగుండ్రి. వారానికొకటన్నా సరే, మొదలుపెడితే నడుమ ఇడిసిపెట్టొద్దు.

‘నాకు బతకబుద్ధి అయితలేదు’ అని జవాబు వస్తే మెసేజ్‌లతోని ఆగొద్దు. ఫోన్ చెయ్యి, ఇంటికి పో, ఒక్కన్ని ఇడిసిపెట్టకు. 14416 టెలీ మానస్‌కు కొట్టు. 24 గంటలు ఎత్తుతరు, పైసలు తీసుకోరు, తెలుగుల మాట్లాడ్తరు.

ఇగ సర్కారుకు ఒక మాట. కరెంటు బిల్లు కట్టుమని మాకు మెసేజ్ వస్తది. ఓట్లప్పుడైతే రోజుకు పది వస్తయి. జిల్లా దవాఖాన మానసిక విభాగం నుంచి ఇంటికి పోయినోళ్లకు, వాళ్లు ఒప్పుకుంటే, వాళ్ల యాసల వారానికొక మంచి మాట పంపుడు అంత కష్టమా? ఆ మాటలు రాసే పనిల ఆ జబ్బు నుంచి బయటపడ్డోళ్లను కూసోవెట్టుండ్రి. దేనికి గుండె తట్టుకుంటదో వాళ్లకే ఎరుక.

మా దోస్తుకు ఇప్పుడు ప్రతి ఐతారం ఒక మెసేజ్ పెడ్త. చానా సార్లు జవాబు రాదు. రెండు నీలి టిక్కులు పడ్తయి. నాకు గంతే చాలు.