మావటి దగ్గు, ఏనుగు క్షయ



పశువుల నుండి మనుషులకు కొన్ని జబ్బులు వస్తాయని మీకు తెలుసు. పిచ్చికుక్క కరిస్తే ఏమవుతుందో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. అయితే మనిషి నుండి జంతువుకు జబ్బు పోతుందని ఎప్పుడైనా అనుకున్నారా? ఈవేళ ఆ సంగతే ముచ్చటించుకుందాం. ముచ్చట ఏనుగును గురించి. “మా ఇంట ఏనుగు ఎక్కడిదండీ!” అని నవ్వకండి. ఏనుగు సంగతి వింటే మీ కొట్టంలోని గేదె సంగతీ బోధపడుతుంది.

క్షయవ్యాధి ఒక సూక్ష్మక్రిమి వలన వస్తుంది. దానిని 1882లో జర్మనీ దేశపు డాక్టరు రాబర్ట్ కాక్ కనిపెట్టాడు. ఊపిరితిత్తులలో క్షయ ఉన్న మనిషి దగ్గినప్పుడు ఈ క్రిములు కంటికి కనబడని తుంపరలతో గాలిలో కలుస్తాయి. ఆ గాలి పీల్చినవారికి అంటుకుంటాయి. ఎండ తగిలితే చస్తాయి. చీకటి గదిలో, గాలి ఆడని చోట చాలాసేపు బతికి ఉంటాయి.

ఇక ఏనుగు మాటకు వద్దాం. అడవిలో తిరిగే ఏనుగుకు మనిషి శ్వాస తగలడం అరుదు. మచ్చికైన ఏనుగు బతుకు అట్లా కాదు. మావటి పొద్దస్తమానం దాని దగ్గరే ఉంటాడు. చేత్తో ముద్ద పెడతాడు. అది తొండంతో అతని ముఖం వాసన చూస్తుంది. ఆ మావటికి క్షయ ఉంటే ఆ క్రిమి ఏనుగుకు పోవడం ఎంతసేపు? ఏనుగులలో ఎక్కువగా కనబడేది మనుషుల క్షయక్రిమే.

ఏనుగుకు వచ్చిన జబ్బు తిరిగి మనిషికి వస్తుందా? వస్తుంది. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో ఒక జంతుశాలలో 1994-1996 మధ్య మూడు ఏనుగులు చనిపోయాయి. క్షయ ఉన్నట్లు తేలింది. బతికి ఉన్న నాలుగవదానిలోనూ అదే క్రిమి కనబడింది. అక్కడ పనిచేసే 22 మందిని పరీక్షించగా 11 మందికి చర్మపరీక్షలో క్రిమి సోకిన గుర్తు కనిపించింది. వారిలో ఒకరికి జబ్బు బయటపడింది కూడా. అతనిలోని క్రిమీ, ఏనుగులలోని క్రిమీ ఒకే వంశానివని ప్రయోగశాలలో రుజువైంది.

2009లో అదే దేశపు టెనెసీ రాష్ట్రంలో, ఏనుగులను ఉంచే ఒక ఆశ్రయంలో 9 మంది ఉద్యోగులకు క్రిమి సోకింది. వారిలో ఏనుగును సాకేవారే కాదు, శాలను ఆనుకొని ఉన్న గదులలో కూర్చుని కాగితాలు రాసుకునేవారు కూడా ఉన్నారు! ఏనుగును ముట్టకపోయినా, దాని గాలి తగిలితే చాలునన్నమాట. అయితే ఒక మాట. క్రిమి సోకిన ప్రతివారికీ జబ్బు రాదు. చాలామందిలో అది అణగి ఉంటుంది. శరీరం నీరసించినప్పుడు లేస్తుంది.

ఇదంతా పరదేశపు గొడవ అంటారేమో. దక్షిణ భారతంలో మూడు అడవి ఏనుగులలో కూడా మనుషుల క్షయక్రిమి ఉన్నట్లు 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మన గుడులలో, అటవీశాఖ శిబిరాలలో మచ్చిక ఏనుగులు ఉన్నవి గదా!

ఏనుగుకు జబ్బు ఉన్నదీ లేనిదీ పైకి తెలియదు. చిక్కిపోయేనాటికి వ్యాధి ముదిరి ఉంటుంది. అందుచేత తొండంలో ఉప్పునీరు పోసి, తొండం పైకెత్తించి, మళ్ళీ ఆ నీటిని సంచిలో పట్టి పరీక్షకు పంపుతారు. ఇట్లా మూడు వేర్వేరు రోజులు చేస్తారు. జబ్బు ఉన్నదని తేలితే మనుషులకిచ్చే మందులే ఇస్తారు. చేదుకు ఉమ్మివేస్తే గుదం ద్వారా ఎక్కిస్తారు. వైద్యం నెలల తరబడి సాగుతుంది. ఖర్చు, శ్రమ మీరే ఊహించుకోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే దానికంటే, ముందుగా మావటికి పరీక్ష చేయించడం ఎంత సులువు!

మరి మీరు చేయవలసిందేమిటి? జంతువును సాకే మనిషికి రెండు వారాలకు మించి దగ్గు ఉన్నా, సాయంత్రం వేళ జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా సర్కారు ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేయించాలి. పరీక్ష, మందులు ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలల మందు. రెండు నెలలకే దగ్గు తగ్గింది గదా అని మానడం ఇల్లలకగానే పండుగ అనుకోవడమే.

కొట్టానికి కిటికీలు పెట్టండి, ఎండ పడనివ్వండి. పశువులలో క్షయ కలిగించే క్రిమి వేరొక రకం. అది పచ్చిపాల ద్వారా కూడా మనిషికి రాగలదు. కనుక పాలు పొంగువచ్చేదాకా కాచి తాగండి. పశువు నానాటికి చిక్కుతూ దగ్గుతుంటే పశువైద్యునికి చూపించండి.

జీతగాడికి దగ్గు ఉంటే, “పని పోతుందేమో” అనే భయంతో దాచుకుంటాడు. అతనిని కసరకండి. మీరే వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అతని ఆరోగ్యమే మీ పశువుల ఆరోగ్యం.