బిడ్డ హక్కును అడుగుటకు సిగ్గెందుకు?

కలకడ పరిసర గ్రామములలో గృహదర్శనమునకు వెళ్లునప్పుడు, నడవలేని బిడ్డను, మాటలు రాని బిడ్డను లోపలి గదిలోనే ఉంచిన తల్లిదండ్రులను మేము చూచుచున్నాము. "ఎవరి పాపమో" అను ఇరుగుపొరుగు మాటకు జడిసి వారు సచివాలయపు గడప తొక్కరు. పుట్టు గ్రుడ్డివానిని గూర్చి శిష్యులు అడిగిన ఆ ప్రశ్నను ప్రభువే త్రోసిపుచ్చెను గదా!

ప్రియులారా, పెన్షను భిక్ష కాదు. 2016 నాటి చట్టము వైకల్యములను 7 నుండి 21 రకములకు పెంచినది. ఆటిజం కూడ అందులో చేరినది. మన రాష్ట్రములో 40 శాతము, అంతకు మించి వైకల్యమున్న పేదలకు 2024 జూలై నుండి నెలకు 6000 రూపాయలు. పసిబిడ్డయైనను అర్హతయే.

ముందుగా ఆధార్ కార్డుతో గ్రామ సచివాలయములో సదరం శిబిరమునకు స్లాటు తీసికొనుడి. ఆ దినమున బిడ్డతోపాటు పాత వైద్యపు చీటీలన్నియు తీసికొని వెళ్లుడి. ప్రభుత్వ వైద్యులే పరీక్షించి శాతము నిర్ణయింతురు. ధ్రువపత్రము, రేషను కార్డు జతచేసి సచివాలయములోనే పెన్షనుకు దరఖాస్తు పెట్టవలెను. పత్రము తాత్కాలికమైనదైతే గడువు తేదీని గోడ క్యాలెండరుపై గుర్తు పెట్టుకొనుడి. గడువు దాటినచో పెన్షను ఆగిపోవచ్చును. దళారికి ఒక్క రూపాయి ఇయ్యవద్దు.

ఒంటరిగా పోలేని తల్లికి సంఘములో ఒకరు తోడు వెళ్లినచో, అదియు పరిచర్యయే.