మోరీ నీళ్లలో దొరికిన లెక్క

కరోనా రోజుల్లో టీవీలో రోజూ ఒక అంకె వచ్చేది, ఈ రోజు ఇన్ని కేసులు అని. పెద్ద తరగతుల పిల్లలకు గుర్తుండే ఉంటుంది. అయితే అది పరీక్ష చేయించుకున్నవాళ్ల లెక్క మాత్రమే. దగ్గు, జ్వరం ఏమీ లేనివాళ్లు పరీక్షకు ఎందుకు పోతారు? మరి ఊళ్లో నిజంగా ఎంతమందికి సోకిందో ఎట్లా తెలియాలి? మన బీదర్‌కు దగ్గర్లోనే ఉన్న హైదరాబాద్‌లో 2020లో శాస్త్రవేత్తలు దీనికి జవాబు మోరీ నీళ్లలో వెతికారు.

అక్కడ తార్నాక, హబ్సిగూడ వైపు రెండు పరిశోధన సంస్థలు ఉన్నాయి. సీసీఎంబీలో కణాలు, జన్యువుల మీద పని చేస్తారు. ఐఐసీటీ రసాయనాల సంస్థ, మురుగు నీటి శుద్ధి తెలిసినవాళ్లూ అందులో ఉన్నారు. (అసలు 1977లో సీసీఎంబీ మొదలైంది ఐఐసీటీలోని ఒక విభాగంతోనే.) వైరస్ జన్యుపదార్థాన్ని కొలవడం ఒకరికి వచ్చు. నగరం మురుగు ఎక్కడికి చేరుతుందో, దాన్ని ఎట్లా చూడాలో ఇంకొకరికి తెలుసు. సోకినవాళ్ల మలంలో 35 రోజుల దాకా వైరస్ ఆనవాళ్లు రావచ్చన్న సంగతి ఆసుపత్రుల వైద్యులు ముందే బయటపెట్టారు. ఈ మూడింట్లో ఏది లేకపోయినా లెక్క కుదరదు.

మురుగు శుద్ధి కేంద్రాల్లోకి వచ్చే నీళ్లను పట్టి చూశారు. నగరంలోని 80 శాతం కేంద్రాల నీళ్లలో సుమారు 2 లక్షల మంది ఆనవాళ్లు ఉన్నట్టు తేలింది. కానీ అప్పట్లో నగరం మురుగులో ఈ కేంద్రాలకు చేరేది 40 శాతమే! పిల్లలూ, కాగితం తీయండి. 2ను 0.8తో, వచ్చినదాన్ని 0.4తో భాగించండి. మన ముతక లెక్కకే 6 లక్షల పైన వస్తుంది. వాళ్లు చెప్పింది సుమారు 6.6 లక్షలు, అంటే నగర జనాభాలో 6.6 శాతం. ఇందులో కోలుకున్నవాళ్లూ ఉన్నారు. అదే వారంలో తెలంగాణ రాష్ట్రం మొత్తంలో నమోదైన కేసులు లక్షకు అటూఇటూ!

ఇది అంచనానే, తలలు లెక్కపెట్టింది కాదు. అయినా సోకినవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదని దీనితో అర్థమైంది. ఇంట్లో ముసలివాళ్లు ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

వేగం సంగతీ చెప్పాలి. మామూలుగా పరిశోధన వ్యాసం పత్రికలో అచ్చు కావడానికి నెలలు పడుతుంది. వీళ్లు అంతవరకు ఆగకుండా ఆగస్టులోనే అందరూ చదివేలా మెడ్‌ఆర్కైవ్‌లో పెట్టేశారు. అప్పటికి తోటి శాస్త్రవేత్తల పరిశీలన ఇంకా కాలేదు. అట్లాంటి వ్యాసాన్ని కొంచెం జాగ్రత్తగానే చదవాలి.

కొందరు తల్లిదండ్రులకు భయం కలగవచ్చు, మోరీ నీళ్లతో రోగం వస్తుందా అని. వాళ్లకు దొరికింది వైరస్ జన్యుపదార్థపు ముక్కలు. శుద్ధి అయి బయటికి వచ్చిన నీళ్లలో అవి కూడా కనబడలేదు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 2016లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగు నీళ్లలో పోలియో వైరస్ కనబడితే, ఒక్క బిడ్డకూ జబ్బు రాకముందే అక్కడి పిల్లలకు టీకాలు వేశారు.