కీళ్ళవాతపు బిడ్డలు - ఎముకల బలము

కీళ్ళవాతము ముసలివారికే వచ్చునని పల్లెలలో పలువురి నమ్మకము. అది నిజము కాదు. పదునారేండ్లు నిండని బాలబాలికలకును అది వచ్చుచున్నది. కీలు వాచి, ఆరు వారములు గడచినను తగ్గక, ఉదయమున బిగుసుకొనిపోవుచుండినచో దానిని బెణుకని త్రోసివేయరాదు. లూపస్ అను మరియొక వ్యాధి కీళ్ళతోపాటు చర్మమును, మూత్రపిండములను గూడ బాధించును.

ఇట్టి వ్యాధులకు వైద్యులు వాడు మందులలో స్టిరాయిడు ఒకటి. అమెరికాలో హెంచ్ అను వైద్యుడు 1948లో కార్టిసోను అను స్టిరాయిడును కీళ్ళవాతపు రోగికి మొదటిసారి ఇచ్చినపుడు, కదలలేని మనిషి కొలది దినములలోనే లేచి నడిచెను. అందులకై 1950లో ఆయనకును, మరి యిరువురికిని నోబెల్ బహుమానము లభించినది. నేడు మన బిడ్డలకు తరచుగా ఇచ్చునది ప్రెడ్నిసొలోను మాత్ర. మేలు గొప్పదే; కాని మాత్ర నెలల తరబడి సాగినచో దాని దెబ్బ ఎముకలపై పడును.

ఎముక రాయి వంటిది కాదు. అందులో పాతది కరుగుచు, క్రొత్తది కట్టబడుచు నుండును. స్టిరాయిడు ఆ కట్టెడి కణములను మందగింపజేయును. తిన్న తిండిలోని కాల్షియమును ప్రేగులు తక్కువగా గ్రహించును. మూత్రములో అది ఎక్కువగా పోవును. ముందుగా పలుచబడునవి వెన్నుపూసలు. ఒక్కొక్కప్పుడు నొప్పి యైనను లేకుండ అవి నలిగిపోవును. బిడ్డ వెన్ను నొప్పి యన్నచో మర్దనము చేయించుట, నడుము త్రొక్కించుట మన వాడుక. ఈ బిడ్డల విషయమున అది కూడనే కూడదు. వెంటనే వైద్యునికి చెప్పి ఎక్స్‌రే తీయింపవలెను.

అట్లని మందు మాన్పింపవచ్చునా? మాన్పింపరాదు. అదుపు తప్పిన వ్యాధియు ఎముకను గుల్లచేయును. అంతేకాదు, మూత్రపిండములపై నుండు చిన్న గ్రంథులు సహజముగా చేయవలసిన రసమును, మాత్ర వచ్చుచున్నంతకాలము చేయుట తగ్గించును. వారములకొలది వాడిన మాత్రను ఒక్కసారి ఆపినచో ప్రాణాపాయమే కలుగవచ్చును. మొగము ఉబ్బినదని తల్లి ఆపును. పట్టణమునకు పోవ బస్సు ఖర్చు లేక తండ్రి ఆపును. పంచాయతీ సభ్యులు ఆరా తీయవలసినది ఇచ్చటనే యని మేము తలంచుచున్నాము. మోతాదును మెల్లమెల్లగా తగ్గించుట వైద్యుని పని.

తిండి విషయమున మన పల్లెలకు లోటు లేదు. పది పండ్రెండేండ్ల బిడ్డకు దినమునకు 850 మిల్లీగ్రాముల కాల్షియము కావలెనని భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించినది. నూరు గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాములు కలవు. చోళ్ళనినను, తైదలనినను ఇవియే. పాలు, మజ్జిగ, నువ్వులు, మునగాకు మిగిలినదానిని పూరించును. డి విటమినుకు ఎండ మంచిదే కాని, లూపస్ గల బిడ్డకు ఎండ హాని చేయును. ఆ బిడ్డకు విటమినును మందుగా ఇప్పింపవలెను. వైద్యుడు సరే యన్నంతవరకు బిడ్డను ఆడనీయవలెను. మూలను కూర్చుండబెట్టిన బిడ్డ ఎముక మరింత పలుచనగును.

సంతలలో పేరు లేని పొట్లములతో అమ్మెడి వాతపు పొడులు కొన్నిటిలో స్టిరాయిడు కలిపియుండును. రెండు దినములలో నొప్పి పోయినదని సంతోషించి తల్లిదండ్రులు మరల మరల కొందురు. బిడ్డ ఎంత మందు మ్రింగుచున్నదో ఎవరికిని తెలియదు. ఇట్టి అమ్మకము ఊరిలో కనబడినచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తెలుపవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పదునెనిమిదేండ్ల లోపు బిడ్డలను పరీక్షించు వైద్య బృందములు బడికిని, అంగన్‌వాడీకిని వచ్చును. కుంటుచున్న బిడ్డ ఆ దినమున ఇంట ఉండిపోకుండ చూడవలెను. స్టిరాయిడు వాడు బిడ్డ జేబులో మందు పేరు, మోతాదు వ్రాసిన చీటీ ఎప్పుడును ఉండవలెను. జ్వరము వచ్చినను, శస్త్రచికిత్స అవసరమైనను, ఏ వైద్యుని యొద్దకు పోయినను ముందుగా చూపవలసినది ఆ చీటీయే.