బకిల్ కింద దురద.. వదులుకున్న ఆఫర్

ఉద్యోగం వేటలో ఉన్నప్పుడు మడకశిర నుంచి హిందూపురానికి రోజూ బస్సే. ఎండాకాలం, కిక్కిరిసిన బస్సు, టక్ చేసిన చొక్కా తడిసి ముద్ద. ఇంటర్వ్యూల కోసం కొన్న మెరిసే బెల్టు బకిల్ తగిలేచోట దురద మొదలైంది. తామర అనుకుని మూడు నెలలు ఆయింట్‌మెంట్ రాశాను. తగ్గితే ఒట్టు! చివరికి చర్మ వైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న: ‘‘ఈ బెల్టు ఎప్పుడు కొన్నావు బాబూ?’’

అది నికెల్ అలర్జీ.

చెమటతో మొదలు

చెమటలోని ఉప్పు నికెల్‌ను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఆ అయాన్లు చర్మంలోకి దిగి ప్రొటీన్లకు అతుక్కుంటాయి. కాపలా కణాలు వాటిని లింఫ్ గ్రంథులకు మోసుకెళ్లి టీ కణాలకు చూపిస్తాయి. ఒకసారి గుర్తు పెట్టుకున్నాయా, ఇక దాదాపు జీవితాంతం మర్చిపోవు. మళ్లీ తగిలితే 24 నుంచి 72 గంటల్లో దురద, పొక్కులు. ఇవాళ్టి వాచీకి ఎల్లుండి దురద వస్తే కారణం ఎలా తెలుస్తుంది చెప్పండి?

ఇంకో తమాషా. బ్యాక్టీరియాను పసిగట్టే టీఎల్ఆర్4 అనే గ్రాహకానికి నికెల్ నేరుగా అతుక్కుని తప్పుడు అలారం మోగిస్తుందని 2010లో తేలింది. ఎలుకల గ్రాహకంలో ఆ అతుక్కునే చోటే లేదు!

ఉద్యోగంలో ఎక్కడ ఎదురవుతుంది?

* సివిల్ సైట్: తడి సిమెంటులో క్రోమియం-6. యూరప్ దీన్ని 2005 నుంచి 2 పీపీఎంకు పరిమితం చేసింది.
* ప్లేటింగ్, మెషీన్ షాపు: నికెల్, కోబాల్ట్.
* స్టెయిన్‌లెస్ స్టీల్: నికెల్ ఉన్నా పైనున్న ఆక్సైడ్ పొర వల్ల బయటికొచ్చేది తక్కువ.

ఏం చేయాలి?

అనుమానం ఉంటే ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. వీపు మీద పట్టీలు అతికించి 48 గంటలకు తీసి చూస్తారు, తర్వాత ఒకట్రెండు రోజులకు మళ్లీ చూస్తారు. వస్తువులో నికెల్ ఉందో లేదో తెలుసుకోవడానికి కెమిస్ట్రీ ల్యాబ్‌లో వాడే డైమిథైల్‌గ్లయాక్సిమ్ చాలు. దూదితో రుద్దితే గులాబీ రంగొస్తుంది.

ఈ అలర్జీని పూర్తిగా పోగొట్టే మందు లేదు, దూరంగా ఉండటమే దారి. అందుకే షాప్‌ఫ్లోర్‌లో చేరితే మొదటిరోజు నుంచే గ్లవ్స్ వేసుకోండి.

సరిగ్గా అప్పుడే నాకో ప్లేటింగ్ యూనిట్‌లో ఆఫర్ వచ్చింది. ‘‘దురదకి ఉద్యోగం వదులుకుంటావా?’’ అన్నాడు నాన్న. వదులుకున్నాను. మరో నాలుగు నెలలు అదే బస్సు.. ఈసారి బెల్టుకు ప్లాస్టిక్ బకిల్.