చివరి పాతిక యూనిట్లు

వేసవి ఉక్కపోతలో కృష్ణా డెల్టా ఇళ్లలో ఫ్యాన్లకు రాత్రీపగలూ విశ్రాంతి ఉండదు. నెలాఖరున బిల్లు చూసి నిట్టూరుస్తాం. కానీ భారం ఎక్కడ పెరుగుతున్నదో గమనించం.

రాష్ట్రంలో 2022లో సవరించిన గృహ విద్యుత్ ధరల్లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90. ఆపై 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75. ఇతర ఛార్జీలు అదనం. 250 యూనిట్లు వాడిన ఇంట్లో మొదటి 75 యూనిట్ల ఖరీదు రూ.192, చివరి 25 యూనిట్ల ఖరీదు దాదాపు రూ.219! మనం పొదుపు చేసే ప్రతి యూనిటూ ఈ ఖరీదైన కొసనుండే తగ్గుతుంది.

75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు సుమారు 34 యూనిట్లు ఖర్చవుతాయి. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకు 14 చాలు. ఒక్క ఫ్యాను మారిస్తే 20 యూనిట్లు మిగులుతాయి.

ప్రీపెయిడ్ మీటరులో ముందే సొమ్ము చెల్లిస్తాం. వాడినకొద్దీ నిల్వ తరుగుతుంది. కనుక ఖర్చు ఎప్పటికప్పుడు తెలుస్తుంది. పాత మీటరున్న ఇంట్లోనూ ఈ మేలు పొందవచ్చు. ప్రతి జుమా నాడు మీటరు అంకె రాసుకుందాం. వారానికి 52 యూనిట్లు దాటితే, నెలకు 225 మించబోతున్నామని గ్రహిద్దాం.

స్థోమత ఉన్నా దుబారా తగదు. అలాగని వృద్ధులకు, పసిపిల్లలకు గాలి లేకుండా చేయడం పొదుపు కాదు. ఖాళీ గదిలో తిరిగే ఫ్యానును ఆపడమే పొదుపు.